తిరువూరు వాదనలో నేను గెలవలేదు

ఇరవై ఆరేళ్ళు తిరువూరులో పాస్టరుగా పనిచేసి, యాభై ఐదో ఏట మానుకున్నాను. ఆరోగ్యం బాగోలేక మానుకున్నానని మా సంఘంలో చెప్పుకుంటున్నారు. నా ఆరోగ్యం బాగానే ఉంది. శిక్షణ ముగించుకుని కొత్తగా సేవలోకి వస్తున్న తమ్ముళ్ళు కొందరు ఇప్పటికీ ఫోన్ చేసి, "అన్నా, త్రిత్వం మీద మీ డిబేటు చూశాం. ఏలీయా గారి నోరు భలే మూయించారు. మాకూ కాస్త నేర్పండి" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

తమ్ముళ్ళూ, ఆ వాదనలో నేను గెలవలేదు. ఓడిపోయిన పదకొండు నిమిషాలను వీడియోలోంచి కోయించాను. ఆ కోత వల్ల ఒక మనిషి తన భర్తను రెండోసారి పోగొట్టుకుంది.

అసలు పని

పాస్టరు పనంటే ఆదివారం ప్రసంగమని బయటివాళ్ళు అనుకుంటారు. మిగతా ఆరు రోజులే అసలు పని. ఎ.కొండూరు వైపు నుంచి కిడ్నీ జబ్బుతో విజయవాడ ఆసుపత్రికి తిరిగేవాళ్ళ పక్కన బస్సులో కూర్చోవటం, పత్తి తీతలకు పోయినవాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళు అన్నం తిన్నారో లేదో చూడటం, తాగి వచ్చిన మొగుడికీ, తలుపు తీయని పెళ్ళానికీ మధ్య గుమ్మంలో నిలబడటం. ఇన్నేళ్ళలో చావు మంచం మీద ఉన్నవాళ్ళు నన్ను చాలా అడిగారు. త్రిత్వం గురించి ఒక్కరూ అడగలేదు. "అయ్యగారూ, ఆయన నన్ను రానిస్తాడా?" అనే అడిగారు.

నాకు పని నేర్పిన పెద్దయ్యగారికి ఇది బాగా తెలుసు. సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. ఒకసారి గంపలగూడెంలో ఒక హైస్కూలు మాస్టారు పదిమంది ముందు ఆయన్ను నిలబెట్టి, "మీకు దేవుళ్ళు ముగ్గురా, ఒక్కడా? తేల్చి చెప్పండి" అని అడిగాడు.

"దేవుడు ఒక్కడే మాస్టారూ. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ఒకరు ఇంకొకరు కాదు. అదెట్టాగంటే నాకూ పూర్తిగా తెలీదు. పూర్తిగా తెలిస్తే ఈ సైకిలు మీద ఎందుకు తిరుగుతానండీ?" అన్నారు పెద్దయ్యగారు. మాస్టారు కూడా నవ్వేశాడు. ఇద్దరూ టీ తాగారు. పక్కన నిలబడ్డ నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తెలీదని పదిమందిలో ఒప్పుకునే గురువు నాకెందుకు దొరికాడా అనుకున్నాను. ఈ రోజు నేను సిగ్గుపడే విషయాల్లో అదే మొదటిది.

గ్లాసుడు నీళ్ళు

మా దగ్గర జరిగే తగాదా ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఎప్పుడూ ఉన్నవారేననీ, ఒకరు మరొకరు కారనీ, అయినా దేవుడు ఒక్కడేననీ మేము నమ్ముతాం. 'యేసు నామం వాళ్ళు' అని మేము పిలిచే సంఘాలవారు దీన్ని ఒప్పుకోరు. ఒక్కడే దేవుడు ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడిగా, ఇప్పుడు ఆత్మగా కనిపించాడని అంటారు. అందుకని బాప్తిస్మం మేము ముగ్గురి పేరునా ఇస్తాం, వాళ్ళు యేసు పేరున ఇస్తారు. నీళ్ళలో మనిషిని ముంచేటప్పుడు పలికే ఆ ఒక్క వాక్యం మీదే రెండు పక్షాల మధ్యా మాటలు లేకుండా పోయిన ఊళ్ళు ఉన్నాయి.

సండే స్కూలు పిల్లలకు త్రిత్వం చెప్పటానికి నేనొక సులువు కనిపెట్టాననుకున్నాను. గ్లాసుడు నీళ్ళు బల్ల మీద పెట్టేవాణ్ణి. "గడ్డ కడితే ఐసు, కాగితే ఆవిరి, కానీ అంతా నీళ్ళే కదా? దేవుడూ అంతే" అనేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదటిసారి ఆ పాఠం విన్న పెద్దయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆ నీళ్ళ సంగతి పిల్లలకు చెప్పమాకురా. అది యేసు నామం వాళ్ళ లెక్క."

"సులువుగా అర్థమవుద్దండీ."

"సులువుగా అర్థమైందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. ఒకే నీళ్ళు మూడు వేషాలేశాయి అంటున్నావు నువ్వు. మరి యొర్దాను నదిలో కుమారుడు బాప్తిస్మం పొంది నీళ్ళలో ఉన్నప్పుడు ఆకాశం నుంచి మాట్లాడిందెవరు? ఐసు గడ్డతో ఆవిరి మాట్లాడిందా?"

నవ్వి ఊరుకున్నాను. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను. ఆయన పోయాక కూడా ఆ గ్లాసు బల్ల మీద పెడుతూనే ఉన్నాను.

సుగుణమ్మ

సుగుణమ్మ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే మనిషి. భర్త తిరపతయ్య కిడ్నీలు పాడైతే, ఆసుపత్రికి తిరగటానికి వీలుగా ఉంటుందని ఎ.కొండూరు మండలంలోని ఊరు వదిలి తిరువూరు వచ్చారు. ఏడాది తిరగకుండా ఆయన పోయాడు. పాస్టర్ ఏలీయా గారు వచ్చి మా ఊరి సమాధుల తోటలోనే పూడ్చి వెళ్ళారు. అంతకు చాలా ముందే వాళ్ళిద్దరికీ ఒకే రోజు ఊరి వాగులో బాప్తిస్మం ఇచ్చింది కూడా ఆయనే. యేసు నామం సంఘం ఆయనది. ఆ ప్రార్థన హాలు గంపలగూడెం రోడ్డులో ఉంది, ఆటో ఎక్కితే గానీ చేరలేం. మా గుడి సుగుణమ్మ ఇంటికి రెండు సందుల అవతల. అందుకని ఆమె మా దగ్గరికి రావటం మొదలుపెట్టింది.

నెలకొకసారి మా దగ్గర ప్రభువు బల్ల. రొట్టె ముక్కలున్న పళ్ళెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. మా బాప్తిస్మం లేనివాళ్ళ దగ్గర అది ఆగదు. మూడో నెలలో సుగుణమ్మ ఆరాధన అయ్యాక ఆగింది.

"పళ్ళెం నా దగ్గర ఆగట్లేదేంటండీ అయ్యగారూ? నేనేమన్నా తప్పు చేశానా?"

"తప్పేం లేదమ్మా. నీ బాప్తిస్మమే సరైంది కాదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరున మళ్ళీ తీసుకో. వచ్చే ఆదివారమే ఇస్తాను."

ఆమె కొంచెంసేపు చీపురు పుల్ల విరుస్తూ నిలబడింది. "నేను మళ్ళీ మునిగితే, మా ఆయన మునిగింది ఏమైనట్టండీ?"

"ఆయన సంగతి దేవుడు చూసుకుంటాడు. నీ సంగతి నువ్వు చూసుకో."

"అట్టా వద్దులెండి. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగాం. నేనొక్కదాన్నీ మళ్ళీ దిగను."

నాలుగేళ్ళపాటు ప్రతి బల్ల ఆదివారమూ వచ్చింది. పళ్ళెం రాగానే తనే పక్కావిడకు అందించి చేతులు కట్టుకునేది. ఆ మొండితనం చూసి నేను లోపల చిరాకు పడేవాణ్ణి. వేదాంతం చదువుకున్న నాకు తట్టని ప్రశ్న అన్నం వండే మనిషికి తట్టిందని అప్పుడు నాకు తోచలేదు.

ఫంక్షన్ హాలులో

ఏలీయా గారి మనుషులూ మా మనుషులూ ఫోన్లలో తిట్టుకోవటం ముదిరిపోయి, చివరికి తిరువూరులో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని బహిరంగ వాదన పెట్టారు. ఇద్దరికీ సమానంగా సమయం. మొదటి గంట నాదే పైచేయి. వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. శిష్యులకు ప్రభువు ఇచ్చిన ఆజ్ఞలో ముగ్గురి పేర్లూ ఉన్నాయన్నాను. పెంతెకొస్తు పండగ రోజున శిష్యుడైన పేతురు యేసు పేరునే కదా బాప్తిస్మం పొందమన్నాడని ఏలీయా గారు అంటే దానికీ జవాబిచ్చాను. నా వాళ్ళు ఈలలు వేశారు. ఆ ఊపులో ఒక మాట అన్నాను.

"ఏలీయా గారూ, మీరు ముంచిన తిరపతయ్య అనే మనిషి ఇదే ఊళ్ళో మట్టిలో ఉన్నాడు. చెల్లని బాప్తిస్మంతో పోయాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో మీరు చెప్పండి! ఆ ఆత్మకు జవాబుదారి ఎవరు?"

సుగుణమ్మ అక్కడ లేదు, స్కూల్లో వంట పనిలో ఉంది.

ఏలీయా గారు నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా నన్ను 'అన్నా' అనే పిలుస్తారు. తాపీగా లేచి, సంచిలోంచి పిల్లల నోటు పుస్తకం ఒకటి తీశారు. మా సండే స్కూలు పిల్లదే. వాళ్ళ మేనత్త ఆయన సంఘంలో ఉంది. అందులో గ్లాసు బొమ్మ, ఐసు బొమ్మ, పొగలు కక్కే గిన్నె బొమ్మ. కింద ఎర్ర సిరాతో 'గుడ్', నా సంతకం.

"ఈ పాఠం మీరు చెప్పిందేనా అన్నా?"

"నేను చెప్పిందే."

"మేమూ ఇదే చెబుతాం గదా! ఒకే దేవుడు, మూడు రూపాలు. ఇన్నాళ్ళూ మా సిద్ధాంతాన్ని మీ పిల్లలకు చెప్పిపెట్టినందుకు వందనాలు. మరి వీళ్ళకు బాప్తిస్మం ఎవరియ్యాలి, మీరా, నేనా?"

జనం గొల్లుమన్నారు. నేను ముందున్న నీళ్ళ గ్లాసు అందుకున్నాను. వెనక నుంచి ఎవరో, "తొందరగా తాగండి అయ్యగారూ, ఐసైపోద్ది!" అని అరిచారు. మా వాళ్ళు కూడా నవ్వారు.

ఏలీయా గారు నవ్వలేదు. "ఒకటి చెప్పండన్నా. ఈ పాఠం నమ్మి ఈ పిల్లల్లో ఒకరు రేపు చచ్చిపోతే, దేవుడు తోసేస్తాడా?"

తల వంచుకుని, "తోసేయడు. పసిపిల్లల విశ్వాసం చూస్తాడు గానీ పాఠంలో తప్పు చూడడు" అన్నాను.

"మరి తిరపతయ్య సంగతి?"

"ఆయనకూ అంతే."

"అంటే ఆయన ప్రభువు దగ్గర ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

ఇది నేను ఆ రోజు వందలమంది ముందు అన్న మాట. మీరు చూసిన వీడియోలో ఇది లేదు.

మస్తాన్ గారి షాపు

వీడియో తీసింది మేము పిలిపించిన మస్తాన్ గారు. బస్టాండు దగ్గర ఆయన స్టూడియో. పెళ్ళిళ్ళూ, ఓణీల ఫంక్షన్లూ తీస్తారు. మర్నాడు వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, నోటు పుస్తకం సంచిలోంచి వచ్చిన దగ్గర నుంచి 'ఉన్నట్టే' అన్నదాకా కోసేయమన్నాను.

ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీశారు. "పెళ్ళి వీడియోలో అయితే భోజనాల దగ్గర గొడవలు తీసేస్తామండీ. ఇది అట్టాంటిది కాదు గదా. ఇది తీసేస్తే మాటే మారిపోద్ది."

"సాంకేతిక లోపం అనుకుంటారులే. తీసేయండి."

"దేవుడి విషయం అయ్యగారూ. మీ దేవుడైనా మా దేవుడైనా."

"మస్తాన్ గారూ, పని చూడండి" అన్నాను. ఆయన చూశారు. కోత అతుకు కనపడకుండా జనం కూర్చున్న దృశ్యం ఒకటి పెట్టారు. దాని తర్వాత నేను చివర్లో చేసిన ప్రార్థన వస్తుంది. చూసేవాళ్ళకు నా ప్రశ్నకు ఏలీయా గారు జవాబు చెప్పలేక కూర్చుండిపోయినట్టు ఉంటుంది. హాల్లో ఉన్న మావాళ్ళు ఆ మాట బయట ఎత్తలేదు, ఏలీయా గారి వాళ్ళు ఎత్తితే ఎవరూ నమ్మలేదు.

ఏలీయా గారు వారంలోనే ఇంటికి వచ్చి పూర్తి వీడియో అడిగారు. కెమెరా మెమరీ కార్డు పాడైపోయిందన్నాను. అది మస్తాన్ గారి దగ్గర తీసుకుని నా బీరువాలో దాచాను. ఆయన నా మొహం వంక చూసి, "సరే అన్నా. పైన ఇంకో కాపీ ఉంటదిలే" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాతి ఏడాదిలో ఆయన సంఘంలో సగం మంది మా దగ్గరికీ, వేరే సంఘాలకూ చెదిరిపోయారు. ఆ హాలు వదులుకుని ఆయన ఇంట్లోనే కూడికలు పెట్టుకుంటున్నారు. పగలు తిరువూరు, గంపలగూడెం మధ్య ఆటో తోలుతున్నారు.

సేవలోకి వచ్చే తమ్ముళ్ళకు ఇక్కడ ఒక మాట. అబద్ధ బోధ గురించి మీకు చాలా పాఠాలు చెప్పి ఉంటారు. నిజమైన బోధను కాపాడటానికి ఆడే అబద్ధం గురించి ఎవరూ చెప్పి ఉండరు. నేను ఆడింది అదే. ఆడుతున్నప్పుడు నాకు దేవుని పక్షాన ఉన్నట్టే అనిపించింది.

రెండోసారి

వీడియో వచ్చిన రెండు వారాలకు సుగుణమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా అమ్మాయి ఫోన్లో చూపిచ్చిందండీ. మా ఆయన పేరు చెప్పారంట గదా. చూశా." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏలీయా గారికే జవాబు లేకపోతే ఇంక నేనెంత. నాకు మళ్ళీ ఇయ్యండి."

ఆ క్షణంలో ఒక్క మాట చాలేది. "వీడియోలో లేనిది ఒకటుందమ్మా" అంటే చాలేది. నేను "దేవునికి స్తోత్రం" అన్నాను.

గుడి వెనక సిమెంటు తొట్టిలో ఇచ్చాను. పైకి లేచాక ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. తొట్టి చుట్టూ నిలబడ్డ సంఘంతో, "చూడండి, ఆనంద బాష్పాలు" అన్నాను. ఆ నెల పళ్ళెం ఆమె దగ్గర ఆగింది. తీసుకుంది.

మా ఊళ్ళో ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం వేస్తారు. ఆదివారం చీకటితో వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. తిరపతయ్య సమాధికి ఏటా అందరికంటే ముందు సున్నం పడేది. ఆమె ఇంకా సున్నపు చేతులతోనే గుడికి వచ్చేది. ఆ ఏడు పక్క సమాధులన్నీ తెల్లగా ఉన్నాయి, ఆయనది నాచుపట్టి ఉంది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. రెండో ఏడూ అలాగే ఉంది. పైన గడ్డి కూడా మొలిచింది. ఆరాధన అయ్యాక అడిగాను.

"సుగుణమ్మా, తిరపతయ్య దగ్గరికి వెళ్ళటం లేదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుందో ఏమో.

"అక్కడెవరున్నారండీ? మీరే చెప్పారుగా."

తరువాత మామూలుగానే, కూరలు కొనాలంటూ వెళ్ళిపోయింది.

నేను ఇంకో పదహారు నెలలు పాస్టరుగానే ఉన్నాను. ఇది కూడా రాయాలి. తెలిసిన మర్నాడే నేను లేచి నిలబడలేదు. ప్రసంగాలు చెప్పాను, పెళ్ళిళ్ళు చేశాను, రెండు చోట్ల వాదనలకు కూడా వెళ్ళాను. చివరకు సంఘ పెద్దల ముందు విషయం పెడితే, "అయిపోయిందాన్ని ఇప్పుడు కెలకటం దేనికండీ? వాళ్ళకు మనమే బలం ఇచ్చినట్టవుద్ది" అన్నారు. అందులో వింతేం లేదు. ఆ మాట వాళ్ళకు నేర్పింది నేనే. రాజీనామా ఇచ్చాను. ఆరోగ్యం అని రాసుకున్నది వాళ్ళు.

కార్డు

కార్డులో ఉన్నది నా ఫోన్లోకి ఎక్కించుకుని, కార్డును ఆటో స్టాండుకు తీసుకెళ్ళి ఏలీయా గారి చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నారు.

"నన్నడిగితే ఇప్పుడు దీంతో నాకు పని లేదన్నా. ఆవిడకు చూపించావా?"

"లేదు."

"మరి నా దగ్గరికి ముందెందుకొచ్చావు?" అని, "గంపలగూడెం, గంపలగూడెం!" అని కేకేసుకుంటూ బండి ఎక్కారు.

నిజమే. పెద్ద తప్పు ఒప్పుకునే ముందు చిన్నది ఒప్పుకోవటం నాకు అలవాటు. తర్వాత ఆ కార్డులోంచి పూర్తి వీడియోను మస్తాన్ గారే జనం ఫోన్లలోకి వదిలారు. కోసింది చూసిన జనంలో చాలామంది ఇది చూడలేదు. మీరూ చూడలేదు.

నేనిప్పటికీ త్రిత్వాన్ని నమ్ముతాను. పెద్దయ్యగారు నమ్మినట్టు, పూర్తిగా తెలియదని ఒప్పుకుంటూ నమ్ముతాను. ఏలీయా గారి బోధ తప్పనే ఇప్పటికీ అంటాను, ఆయనతోనే అంటాను. అది చిన్న విషయమని మీకు చెప్పటానికి కాదు ఇదంతా రాసింది.

కార్డు ఇచ్చిన సాయంత్రమే, స్కూలు నుంచి వచ్చే దారిలో సుగుణమ్మను కలిసి, ఫోన్లో ఆ పదకొండు నిమిషాలూ చూపించాను. గిన్నెల సంచి కింద పెట్టి, కళ్ళు చికిలించి మొత్తం చూసింది. తిరపతయ్య పేరు వచ్చిన చోట మళ్ళీ పెట్టమంది. పెట్టాను.

"క్షమించమ్మా. ఈ మాట నీకు దాచాను. ఆయన ప్రభువు దగ్గరే ఉన్నాడు" అన్నాను.

"అప్పుడు చెప్పిందీ మీరే. కోసిందీ మీరే. ఇప్పుడు చెప్తుందీ మీరే." ఆమె గొంతులో కోపం లేదు. "ఇందులో మీరు తల దించుకుని చెప్పారయ్యగారూ. ఓడిపోయి చెప్పారు. నమ్మి చెప్పలా."

"ఇప్పుడు నమ్మే చెబుతున్నాను."

"నాకు చెప్తే ఏం లాభం? ఆయన్ని పదిమందిలో అన్నారు గదా. ఆయనకు చెప్పండి."

సంచి తీసుకుని సమాధుల తోట వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. గేటు దగ్గర ఆగిపోయింది, లోపలికి రాలేదు. రోడ్డు మీద ఆటో కోసం కొందరు నిలబడి ఉన్నారు. నేను గడ్డి తొక్కుకుంటూ వెళ్ళి తిరపతయ్య సమాధి ముందు నిలబడి, "తిరపతయ్యా, నీ బాప్తిస్మం బాప్తిస్మమే. నీ గురించి నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

"వినపళ్ళేదండీ" అంది గేటు దగ్గర నుంచి.

మళ్ళీ అన్నాను.

"గట్టిగా అనండి. నాకే వినపళ్ళా, ఆయనకేం వినపడుద్ది?"

ఈసారి అరిచాను. ఆటో కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. అందులో మా సంఘం వాళ్ళూ ఉన్నారు. సుగుణమ్మ గేటు దాటి ఒక అడుగు లోపలికి వేసి, అక్కడే ఆగింది.

"ఊఁ," అంది, "ఇంకోసారి."